నల్లబొచ్చు మొలతాడు

ధర్మవరంలో మగ్గం మీద పడుగు అయిపోతే షరీఫాబీకి కబురొచ్చేది. పాత పడుగు చివర పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకడం ఆమె పని. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుని పొద్దస్తమానం మగ్గం ముందు కూర్చునేది. మొగుడు పోయాక కొడుకు ఆరిఫ్‌ను సాకింది ఆ పనితోనే. కొడుకు మగ్గం నేర్చాడు, ఇక కూర్చోబెట్టి ఇంత పెడతాడు అనుకునేసరికి పట్టు ధర కొండెక్కింది. చీర ధర మాత్రం ఉన్నచోటనే ఉంది. వీధులకు వీధులు మగ్గాలు మూలపడ్డాయి. ఆ ఏడు ఆమె వేళ్లకు బూడిద అంటలేదు. పొయ్యి వెలిగితే కదా బూడిద!

ఆ ఆకల్లోంచి పుట్టింది మగ్గాల దళం. పెద్ద పార్టీలేవీ దాన్ని తమదనలేదు. పస్తులున్న నేతగాళ్లు కొందరు, చెనిక్కాయ పంట ఎండి కూలికొచ్చిన పల్లె పిల్లలు కొందరు, నాలుగు నాటు తుపాకులు, ఒక ఎర్రజెండా. ఆరిఫ్ అందులోకి పోయాడు. వాడి వెనకే వీరేష్ పోయాడు. వీరేష్‌ది రొద్దం పక్క పల్లె, గొర్రెలు కాచే యల్లక్క ఒక్కగానొక్క కొడుకు. ధర్మవరానికి రంగుల అద్దకం పనికొచ్చి, ఆరిఫ్‌తో స్నేహం కలిసి, ఒక్కోసారి వాడి చొక్కాలే తొడుక్కుంటూ, షరీఫాబీ ఇంట్లోనే తినేవాడు. తింటూ తింటూ నడుము గోక్కునేవాడు.

"ఆ గొర్రెబొచ్చు తాడు తీసి పారెయ్‌రా, దురద పోతాది," అనేది ఆమె.

"మాయమ్మ పేనింది లేమ్మా, ఉండనీ," అనేవాడు.

దళం చేసిన ఘనకార్యమేమిటంటే హిందూపురంలో ఒక షావుకారి గోదాము పగలగొట్టి, దొరికిన పట్టంతా తెచ్చి నేతగాళ్ల గడపల ముందు పడేయడం. దళంలో సగం మంది నేతగాళ్లే, ఒక్కడికన్నా తట్టొద్దూ? అద్దిన రంగు చూస్తే అది ఏ గోదాము సరుకో ఊళ్లో ఎవరైనా చెబుతారు. ఎవరూ ఆ పట్టును మగ్గానికెక్కించలేదు. భయపడి పాడుబావిలో పడేస్తే అంత పట్టూ నీళ్లలో కుళ్లింది. గోదాము కాపలావాడు దెబ్బలకు చచ్చిపోయాడు. వాడిదీ గంజి తాగే కొంపే. అంతమాత్రానికి ఈ పిల్లలు గుట్టలు పట్టి తిరిగారు.

తొంభై ఎనిమిదిలో పెనుకొండ గుట్టల్లో కాల్పులు జరిగాయి. పోలీసులు షరీఫాబీని జీపెక్కించుకుని పెనుకొండ ఆసుపత్రికి తీసుకుపోయారు. శవానికి మొహం మిగల్లేదు. ఒంటి మీద ఆరిఫ్ చొక్కా ఉంది, ఆమె స్వయంగా గుండీలు కుట్టిన చొక్కా. ఆ గుండీలు తడిమింది. అప్పుడు చొక్కా పక్కకు తొలగి, నడుముకు నల్లబొచ్చుతో పేనిన మొలతాడు కనిపించింది.

"నీ కొడుకేనా?" అని అడిగారు.

చచ్చినవాణ్ని ఎవరూ వెతకరు. ఆ ఒక్కటే తోచింది ఆమెకు.

"నా కొడుకే సార్," అని తల బాదుకుని ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. ఆ పిల్లవాడికీ ఆమె అన్నం పెట్టింది.

శవాన్ని ధర్మవరం తీసుకుపోతే గలాటా అవుతుందని పెనుకొండలోనే పూడ్చమన్నారు. ఆ ఊళ్లోనే ఉన్న అన్న మున్వర్ శవానికి స్నానం చేయించాడు. కడిగిన మనిషికి తెలియకుండా ఉంటుందా, అది ముసల్మాను బిడ్డ కాదని? బయటికొచ్చి చెల్లెలి మొహం చూశాడు. తెంపిన మొలతాడు ఆమె చేతిలో పెట్టాడు.

"దేవుడు నిన్నూ నన్నూ ఏమడుగుతాడో, పా," అన్నాడు. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆరిఫ్ తుపాకి పారేసి దొడ్డబళ్లాపురం చేరాడు. వేరే పేరుతో మరమగ్గాల మీద పనికి కుదిరాడు. ఏటా పెనుకొండ బాబయ్య ఉరుసుకు వచ్చి, దర్గా గోడ వారన గాజుల అంగళ్ల దగ్గర నిలబడేవాడు. తల్లి దూరం నుంచే చూసుకునేది. దగ్గరికి పోయేది కాదు, పిలిచేది కాదు. ఎవరి చెవిన పడినా చచ్చిన కొడుకు నిజంగానే చస్తాడు.

యల్లక్క కూడా ఆ ఉరుసుకే వచ్చేది. కొడుకు తిరిగొస్తే చాదర్ కప్పుతానని బాబయ్యకు మొక్కుకుంది. వచ్చిన ప్రతిసారీ షరీఫాబీకని రాగిసంగటి, ఊరిమిండి పచ్చడి మూటగట్టుకొచ్చి, పక్కన కూర్చుని తినిపించేది. కొడుకు పోయిన తల్లి అని ఆమెకు జాలి. షరీఫాబీ వక్కాకు సంచిలో మొలతాడు పెట్టుకుని, ఈసారి చెప్పేస్తాను అనుకుంటూ వచ్చేది. మింగలేక కక్కలేక అలాగే తిరిగిపోయేది. ఎన్ని ఉరుసులు పోయాయో!

రెండువేల ఆరులో యల్లక్క చూపు మందగించి, గోడ పట్టుకుంటూ వచ్చింది.

"నా తమ్ముని బిడ్డ మల్లికను పెండ్లికి అడిగేకి మళ్లా వచ్చినారు. తిప్పి పంపితి," అంది. "వీరేష్‌కని అనుకున్న పిల్ల గదా. రేపు వాడొస్తే ఏం చెప్పల్ల? దానికీ వయసు మీరిపోతాండాది. నీకన్నా గోరీ ఉండాది శరీఫమ్మా. మాలో పూడ్చిన మూడోనాడు పాలు పోస్తాము. బతికినాడో సచ్చినాడో తెలీక నేను అదీ చేయల్యా, ఇదీ చేయల్యా."

షరీఫాబీ సంగటి ముద్ద పక్కన పెట్టేసింది. తన కొడుకు ప్రాణానికి ఒక పిల్లవాడి గోరీని ఇచ్చింది. ఇప్పుడు ఆ మల్లిక బతుకునూ ఇస్తోంది. ఇంకెంతమందిని? ఆమెకు విసుగొచ్చింది, తన మీద తనకే.

టీ అంగట్లో చెంబెడు పాలు అడిగి తీసుకుంది. "పోదాం పా," అని యల్లక్క చెయ్యి పట్టుకుని గోరీల దొడ్డికి నడిపించింది. ఆడవాళ్లు లోపలికి రాకూడదని గేటు దగ్గర ఎవరో అన్నారు. ఆమె వినిపించుకోలేదు. గోరీ ముందు కూర్చోబెట్టి, సంచిలోంచి మొలతాడు తీసి యల్లక్క చేతిలో పెట్టింది.

"పాలు పోయ్, యల్లక్కా."

కళ్లు సరిగా కనపడకపోయినా వేళ్లకు తెలుసు. తాను పేనిన తాడును యల్లక్క ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది.

"మరి నీ కొడుకు?"

"బతికుండాడు. నేనే అబద్ధం చెప్తి. ఇంగ పోలీసులకు చెప్తావో, ఏం చేస్తావో నీ ఇష్టం."

యల్లక్క ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది.

"ఇన్నేండ్లు నా చేతి సంగటి తింటివి. ఒక్క ముద్దన్నా గొంతుకు అడ్డం పడల్యా నీకు?"

"పడింది. అయినా తింటి."

యల్లక్క చెంబు అందుకుంది. గోరీ పొడుగునా పాలు పోసింది. ఎండిన మన్ను పీల్చుకుంది. కొంగుతో మొహం తుడుచుకుని అంది.

"నీ కొడుకును పిలువు. వాడినేమీ అననులే. సచ్చేనాడు నా బిడ్డ ఏమన్నా తిన్యాడా, ఉత్తకడుపుతోనే పోయినాడా, అది అడగల్ల."

షరీఫాబీ లేచి దర్గా వైపు నడిచింది. గాజుల అంగళ్ల దగ్గర ఆరిఫ్ నిలబడి ఉన్నాడు. వాడికి నాలుగడుగుల దూరంలో బందోబస్తు పోలీసులు కూర్చుని బొరుగులు తింటున్నారు. ఆమె ఒక్క క్షణం ఆగింది.

"ఆరిఫ్," అని పిలిచింది.