సీడీకి పెట్టిన బొట్టు

మొన్న దసరాకి మా అమ్మాయి ఏలూరు నుంచి కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి, నేను కళ్లజోడు వెతుక్కుని పెట్టుకునేలోగా దానికి వైఫై కలిపేసింది. అది ఏ సీడీ అడగలేదు, కనీసం ఎవరిచేతా తిట్లయినా తినలేదు. నాకెందుకో అది నచ్చలేదు. పాత కంప్యూటర్లతో కుస్తీపట్టిన నా ఈడువాళ్లకి ఈ బాధ తెలుస్తుంది.

అప్పట్లో నేను మండవల్లి దగ్గర, చేపలకి ఐసు తయారుచేసే ఫ్యాక్టరీలో ఫిట్టరుని. కంప్రెసరు చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేవాణ్ణి గాని, ఇంట్లో ఉన్న సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు బాగున్నా బాగోకపోయినా ఒకే రకంగా మూలుగుతుంటే ఏమీ అంతుబట్టేది కాదు. దాని వెనక వేలెడంత వైఫై ముక్క గుచ్చితే, పక్కనే ఉన్న చెరువుల ఆసామి ఆఫీసు నుంచి, ఆయన దయవల్ల, నెట్టు వచ్చేది.

ఓ వర్షాకాలం అది మరీ నెమ్మదించిందని ఏలూరు తీసుకెళ్లి, రిపేరు షాపాయన చేత అంతా చెరిపించి కొత్తగా వేయించి తెచ్చాను. మర్నాడు పొద్దున చూస్తే నెట్టు లేదు. ఆ సాయంత్రంలోగా మా అమ్మాయి ఇంజనీరింగు కాలేజీల ఆప్షన్లు పెట్టాలి, లేకపోతే సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే. రాత్రి కురిసిన వానకి ఏలూరు రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు; ఆసామి ఆఫీసుకి తాళం పెట్టి వెళ్లి అవతలే చిక్కుకుపోయాడు; మా ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను. తెర మీద ఆ వైఫై ముక్క పేరు పక్కన పసుపుపచ్చ గుర్తొకటి కనిపిస్తే, పసుపే కదా, శుభమే అనుకున్నాను.

షాపాయనకి ఫోన్ చేస్తే, వైఫై ముక్కని కంప్యూటరు గుర్తుపట్టేలా చేసే డ్రైవరు కూడా చెరిగిపోయిందనీ, నెట్టులోంచి దింపుకోవాలనీ చెప్పాడు. నెట్టు రావాలంటే డ్రైవరు కావాలి, డ్రైవరు రావాలంటే నెట్టు కావాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టయింది నా పని.

"దాంతోపాటు సీడీ ఇచ్చుంటారు కదండీ, అది వేసెయ్యండి, అంతేనండీ" అన్నాడాయన.

సీడీ దొరికింది. వేస్తే కంప్యూటరు కాసేపు గరగరలాడి ఏమీ లేదు పొమ్మంది. అక్షరాలున్న వైపు చొక్కాతో తుడిచి మళ్లీ వేశాను, ఊది వేశాను, దణ్ణం పెట్టి వేశాను. మధ్యాహ్నమైంది. ఏమీ పాలుపోక, నువ్వే ఏదో నొక్కి చెడగొట్టావని అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. పిల్ల కళ్లు తుడుచుకుంది. ఆ కోపానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

అప్పుడు మా అమ్మ వచ్చి, సీడీని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పింది.

"ఏరా, దీనికి కిందటి దసరాకి బొట్టు పెట్టించింది నువ్వే కదరా!"

నిజమే. ఫ్యాక్టరీలో మిషన్లన్నిటికీ పెట్టినట్టే ఇంట్లోనూ కుట్టుమిషను మొదలుకొని కంప్యూటరు దాకా పెట్టించాను. సీడీ కూడా దానిదే కదా అని అందించాను. దీని మొహం ఎటురా అని అమ్మ అడిగితే, అద్దంలా మెరుస్తున్న వైపే మొహమై ఉంటుందని అటే చూపించాను. గంధమూ కుంకుమా అక్కడే ఎండి అట్టకట్టాయి.

అమ్మాయి దాన్ని కుళాయి కింద కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది వేసింది. ఈసారి చదివింది. పొద్దు వాలకముందే ఆప్షన్లు వెళ్లాయి, తరవాత తాడేపల్లిగూడెంలో సీటూ వచ్చింది.

ఇప్పుడు అమ్మ లేదు. మొన్న కుంకుమ భరిణె పట్టుకుని కొత్త ల్యాప్‌టాప్ ముందు నిలబడి, వైఫై ఎక్కడుందమ్మా అని అడిగితే, లోపలే ఉంటుంది నాన్నా అంది అమ్మాయి. అటూ ఇటూ తిప్పి చూశాను, ఎక్కడ పెట్టాలో తోచలేదు. అమ్మ ఉంటే, దీని మొహం ఎటురా అని అడిగేది. తప్పో ఒప్పో, ఏదో ఒక వైపు చూపించేవాణ్ణి.