మా వదిన కడిగిన కొర్రమీను

మొన్న విజయవాడలో మా అన్నయ్య మనవడి పెళ్లి విందులో, తెల్లటోపీ పెట్టుకున్న వంటవాడు నారింజరంగు చేపముక్క ఒకటి నా పళ్లెంలో వేయబోతుంటే, పక్కనున్న మేనల్లుడు "మా మావయ్య డాక్టరేట్ చేసింది ఈ చేప మీదేనండీ, సాల్మన్!" అని నలుగురికీ వినబడేలా చెప్పాడు. పగలూ పంతాలూ పెట్టుకునే వయసు కాదు నాది, అయినా ఒళ్లు మండింది. ఎందుకంటే సాల్మన్ చేపను కళ్లతో చూడటం నాకదే మొదటిసారి. దాని పేగుల్లో బతికే పురుగుల మీద పెద్ద గ్రంథం రాసి, ఆ డిగ్రీతో కాలేజీలో పాఠాలు చెప్పి, ఇప్పుడు పెన్షన్ పుచ్చుకుంటున్నవాణ్ణి నేను.

అరవైల మొదట్లో పరిశోధనకు కుదురుకున్న నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో గైడంటే దేవుడితో సమానం, కాకపోతే దేవుడు కొబ్బరికాయ కొడితే శాంతిస్తాడు. మా గైడు చలిదేశంలో కొన్నేళ్లుండి, అక్కడి సాల్మన్‌లోనూ దాని దాయాది చేపల్లోనూ పురుగుల్ని వెతికి వచ్చినాయన. మన ఏళ్లలో, చెరువుల్లో ఈదేవన్నీ ఆయన దృష్టిలో బురదచేపలే. వేసవి సెలవుల్లో నేను నందిగామలో మా ఇంటికొచ్చినప్పుడు, జగ్గయ్యపేట దగ్గర పాలేటి మడుగులో పట్టిన కొర్రమీను పేగులో నాకొక పురుగు కనబడింది. దాని ముక్కు చుట్టూ ముళ్లు, నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేని వరసలో ఉన్నాయి. స్పిరిట్‌లో వేయగానే అది ముడుచుకుపోయి ముళ్లను లోపలికి లాగేసుకునేది. అందువల్ల నేను పట్టుకెళ్లిన, ముళ్లు కనబడని స్లైడ్లు చూసి మా గైడు, ఇది సాల్మన్ చుట్టాల్లో ఎప్పుడో దొరికిన పురుగేనని, నేను చేతగాక పాడుచేశానని తేల్చేసి, గదినిండా జనం ఉండగా నవ్వాడు. బతికున్నదాన్ని చూపిస్తే ఒప్పుకుంటానన్నాడు. అయితే మా ఊరు రండి అన్నాను. ఆ పురుగు కొత్తదని రుజువైతే దానికి పేరు పెట్టేది నేను, కాకపోతే నా పరిశోధన నీళ్లలో పోసినట్టే.

చేపలు దొరకడమే గగనమైంది. జగ్గయ్యపేట బజారులో నేను పేగులు ఏరుకుపోవడం చూసి ఎవరో ఆరా తీశారు, పాలేటి చేపల్లో పురుగులున్నాయని ఊరంతా గుప్పుమంది, బేరాలు పడిపోయాయి. అప్పట్నుంచీ చేపలమ్మే ఆడవాళ్లు నన్ను చూస్తే చాలు గంపల మీద గోనెపట్టా కప్పేసేవారు. "మా నోటికాడి కూడు తియ్యటానికి దాపురించావేందయ్యా? ఆ పురుగులేవో నీ కడుపులోనే పడ!" అని ఒకావిడ బస్టాండు దాకా వెంటబడి తిట్టింది. ఆవిడ కోపం ఆవిడది, నా కోపం నాది. చివరికి ఆ ఏటి ఒడ్డున ఉన్న దూరపు చుట్టాన్ని బతిమాలి, మడుగు ఎండిపోయే ముందు పట్టిన ఆఖరి కొర్రమీలను నీళ్ల బిందెలో వేసుకుని, బస్సులో అందరూ ముక్కులు మూసుకుంటుంటే ఒళ్లో పెట్టుకుని నందిగామ చేర్చాను. కొర్రమీను గాలి పీల్చి బతికే మొండిఘటం. గంగాళంలో వదిలి, ఎగిరి పడకుండా పైన జల్లెడ బోర్లించి రాయి పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని మా వదినకు మరీ మరీ చెప్పాను.

అమ్మ పోయాక ఇంటి పెత్తనమంతా మా వదినదే. నాకూ ఆవిడకూ ఉప్పూ నిప్పూ. నా సీసాలున్న గది గుమ్మం తొక్కేది కాదు, నేను తాగిన గ్లాసును విడిగా తోమించేది. మర్నాడు పొద్దున నేను గైడును బస్టాండు నుంచి వెంటబెట్టుకుని వచ్చేసరికి గంగాళం బోర్లించి ఉంది. పెరట్లో బండ మీద బూడిద, పొలుసులు. పేగులు కోళ్లు పొడుచుకు తిన్నాయి. పొయ్యి మీద పులుసు కుతకుత ఉడుకుతోంది.

వంటింట్లోకి వెళ్లి ఏమన్నానో నాకే గుర్తులేదు. ఆవిడ గరిటె కింద పెట్టలేదు. "అంత దూరం నుంచి పెద్దాయన వస్తుంటే, మా ఇంటి చేపల్లో పురుగులున్నాయి చూడండని చూపిస్తావా అబ్బాయ్? మేం ఊళ్లో తలెత్తుకు తిరగొద్దా? ఒక్కటి మిగలకుండా ఏరి పారేశా. ఉప్పేసి కడిగి కడిగి చేతులు పడిపోయినయ్" అంది. ఇంటికొచ్చిన గొప్ప చుట్టానికి కొర్రమీను పులుసు పెట్టకపోవడం మా వైపు తలవంపులు. ఆ చేపను బూడిదతో బండకేసి తెల్లగా వచ్చేదాకా రుద్దడంలోనే ఇల్లాలి పనితనం చూసేవారు. పాపం, మర్యాదే చేసింది! ఆ మర్యాద మండిపోను.

గైడు పులుసు రెండోసారి వడ్డించుకుని తిన్నాడు. "ఇంత శుభ్రమైన చేపలో పురుగేమిటయ్యా! నువ్వు ఈ పులుసు మీద రాయి, కళ్లు మూసుకుని సంతకం పెడతాను" అన్నాడు. మా అన్నయ్య కూడా నవ్వాడు. నా సాక్ష్యాన్నంతా నా ఎదురుగానే ముళ్లు ఏరుకుంటూ తినేసి, మా వదినను పొగిడి, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయాడు.

మళ్లీ వచ్చి చూడమంటే రానన్నాడు. మడుగు ఎండిపోయింది, బజారువాళ్లు నన్ను దగ్గరకు రానివ్వలేదు. చలిదేశం నుంచి తెప్పించిన సీసాలు నా ముందు పెట్టి, ఈ సాల్మన్ పురుగుల మీద రాస్తే డిగ్రీ, లేదంటే ఇంటికి అన్నాడు. రాశాను. ఆ తెల్లబడిన పురుగుల ముళ్లు చూస్తూ యవ్వనం గడిపాను. వదినతో ఆ తర్వాత ఆవిడ బతికినన్నాళ్లూ అవసరానికి మించి మాట్లాడలేదు. గైడు పోయినప్పుడు సంతాప సభకు రమ్మన్నారు, వెళ్లలేదు.

పెళ్లి నుంచి తిరిగొస్తూ కారు జగ్గయ్యపేట వైపు మళ్లించమన్నాను. మడుగున్న చోట ఇసుక తవ్విన గుంటలు, వాటిలో తుమ్మకంపలు. బజారులో దొరికే కొర్రమీను ఇప్పుడు చెరువుల్లో మేత వేసి పెంచిందట, పేగులు కూడా కొట్టువాళ్లే తీసేసి సంచిలో వేసి ఇస్తున్నారు. చేప కడుపులో ఏముంటుందో చూసే పని ఏ ఇంట్లోనూ ఎవరికీ లేదు.

ఇంటికి చేరేదాకా ఒకటే ఆలోచన. పేరు పెట్టకుండానే పోయిన ఆ పురుగును బతికుండగా చూసింది ఈ లోకంలో నేను కాక మా వదిన ఒక్కతే. ఒక్కటి మిగలకుండా ఏరిందంటే, ఆ రోజు ఎంత దగ్గరగా చూసి ఉండాలి! ఎలా ఉన్నాయి వదినా, ముక్కు చాపాయా, ముళ్లు కనబడ్డాయా అని అన్నేళ్లలో ఒక్కసారైనా అడగలేదు. కోపం. ఆ కోపం ఇప్పటికీ పోలేదు, అడుగుదామంటే ఆవిడ లేదు.