ఫ్రెండు కోసం అడిగిన బిళ్ల

2002లో రాజోలు బస్టాండు దగ్గర నాకు మందుల షాపు ఉండేది. మగవాళ్ల ఇబ్బందికి ఆ బిళ్ల కొత్తగా వచ్చిన రోజులవి. దాన్ని పేరు పెట్టి అడిగేవారే లేరు. జనం పలచబడేదాకా కౌంటర్ చివర నిలబడి, "మా ఫ్రెండుకండీ" అనేవారు. ఆ ఇబ్బంది తనకే ఉన్న మగాడు కోనసీమలో నాకు ఒక్కడూ తగల్లేదు. అందరిదీ ఫ్రెండు బాధే.

కొబ్బరికాయల వ్యాపారం చేసే సత్తిబాబుగారు కూడా అలాగే వచ్చారు. నలభై ఏడేళ్ల మనిషి. "మీకేనా" అంటే మళ్లీ గుమ్మం తొక్కరు. అందుకని నేనూ ఆ ఫ్రెండునే పట్టుకున్నాను. పద్నాలుగేళ్లు కౌంటర్ వెనక నిలబడి నేర్చుకున్న విద్య అది, గొప్పగానే చెప్పుకుంటాను.

"మీ ఫ్రెండుగారికి షుగర్ ఉందాండీ?"

"ఎప్పుడూ చూపించుకోలేదండీ. దాహం మటుకు ఎక్కువే. రాత్రి నాలుగైదుసార్లు లేస్తాడండి."

"గుండెల్లో ఏమైనా ఉంటుందాండీ?"

"ఆయ్. ఏటిగట్టు ఎక్కితే పట్టేస్తదండి. గ్యాసంట. ఊళ్లో ఒకాయన నాలిక కింద పెట్టుకోమని ఇయ్యిచ్చేరు" అంటూ తన జేబులోంచే స్ట్రిప్ తీసి చూపించారు.

స్ట్రిప్ తీసుకుని పేరు చదివాను. అది నైట్రేట్, అంటే గుండెనొప్పికి రక్తనాళాలను వెడల్పు చేసే మందు. ఈయన అడిగిన బిళ్ల దానికి తోడైతే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. మనిషి దక్కకపోవచ్చు.

"ఇది ఇవ్వనండీ" అన్నాను.

"పోనీలెండి, పక్క షాపులో ఇస్తారు."

"ఇస్తారండి. అందుకే మిమ్మల్ని కదలనివ్వను. ఈ రెండూ కలిస్తే ప్రాణం పోద్దండి."

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. "నాకేనండీ" అన్నారు. "ఏడాదైంది. ఇంటిదాని మొహం చూడలేకపోతన్నాను."

షట్టర్ సగం దించి, ఎదురు వీధిలోని డాక్టరుగారి దగ్గరకు నేనే తీసుకెళ్లాను. షుగర్ మూడొందలు దాటింది. గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీసే ఈసీజీ కూడా బాగాలేదు. వెంటనే విశాఖ పంపించారు. అక్కడ గుండెకు వెళ్లే రెండు రక్తనాళాలు పూడుకుపోయాయని తేల్చి, ఆపరేషన్ చేశారు.

"మగవాళ్ల అంగంలోని రక్తనాళాలు గుండెవాటికంటే సన్నం కదండీ. షుగరూ బీపీ పాడు చేస్తే చాలామందికి ముందు అక్కడే తెలుస్తుంది" అని డాక్టరుగారు నాకు విడమరిచి చెప్పారు. అంగస్తంభన తగ్గిందంటే ముందు షుగరూ, బీపీ, గుండే చూపించుకోవాలని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఎవరు ఆ బిళ్ల అడిగినా ఆ మూడూ అడిగేవాణ్ణి. కొందరు విసుక్కుని వెళ్లిపోయేవారు. అయినా మానలేదు.

మూడు నెలల తర్వాత సత్తిబాబుగారు భార్యతో షాపుకొచ్చారు. మనిషి తేరుకున్నారు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని, "ఏం మందిచ్చేరండీ అన్నయ్యగారూ, మా ఆయన్ని నాకు దక్కించేరు" అంది. ఆయన నేల చూపులు చూస్తున్నారు.

"ఏమీ ఇవ్వలేదమ్మా" అన్నాను. నా వృత్తిలో నేను అంత గర్వంగా చెప్పిన మాట మరొకటి లేదు.