పందొమ్మిది సామాన్లతో తిరుపతికి

సీజను అయిపోయాక మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వేబ్రిడ్జి దగ్గర నాకు పని ఉండదు. నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు నోటితోనే తీసేసి చెప్పడం నా ఉద్యోగం. లెక్కలు నాకు బడిలో రాలేదు, ఆ తూకం పక్కన నిలబడే నేర్చుకున్నాను. చిన్నప్పుడు కాయల పెట్టెలు మోసినందువల్ల నా ఎడమ భుజం కుడిదానికంటే ముప్పావు అంగుళం కిందికి ఉంటుంది. నలభై తొమ్మిదేళ్లలో సరిగ్గా కూర్చున్న చొక్కా ఒక్కటీ లేదు. అందుకే నా కోటు నేనే కుట్టుకోవాలనుకున్నాను.

తిరుపతిలో హోటళ్ల సిబ్బందికి కోట్లు కుట్టే దస్తగిరి మాస్టరుకు ఫోను చేశాను.

"గురువారం ఒంటిగంటకు రాప్పా. సామాన్లు నీవి తెచ్చుకో. ఒక చేతుల్లేని కోటు నీతో కోయిస్తా. తొడిగిన మనిషికి కుదిరితే నేర్పిస్తా. కుదరకుంటే మళ్లా రావద్దు" అన్నారు.

చుట్టుపక్కల కోటు నేర్పే మనిషి మరొకరు నాకు తెలియదు. ఉన్నది ఒక్క గురువారం.

బంగారుపాళ్యంలో ఉదయం 6:40కి బస్సెక్కాను. 7:25కి చిత్తూరు. నాలుగు ఇడ్లీలు తిని, 8:30కి తీసే కుట్టు సామాన్ల కొట్టు ముందు 7:50 నుంచే నిలబడ్డాను. నా ఫోనులో ఒక వీడియో జాబితా ఉంది: మొదటి రోజే కావలసిన ఇరవై ఒక్క వస్తువులు. చెప్పినవాడికి పాతికేళ్లు దాటి ఉండవు. వాడి వెనక గోడకు మాత్రం కత్తెరలు వరసగా వేలాడుతున్నాయి. నమ్మాను.

పది అంగుళాల కత్తెర, కొత్త టేపు, మూడు రంగుల సుద్దబిళ్లలు, వంపు స్కేలు, గీతలు గుడ్డ మీద అచ్చువేసే ముళ్లచక్రం, తేనెమైనం, ఇస్త్రీకి పెట్టే గట్టి దిండు... కొట్టాయన ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టాడు. పదిహేనోది పెట్టాక ఆగాడు.

"అబ్బా, కొట్టు పెడతా ఉండావా, నేర్చుకుంటా ఉండావా?"

"నేర్చుకుంటా."

"కొట్టు పెట్టినోళ్లు గూడా ఇన్ని కొనరే!"

రెండు వస్తువులు దొరకలేదు. వాటి పేర్లు చెబితే ఆయన తన భార్యను పిలిచి మరీ నవ్వించాడు. పందొమ్మిదింటికి రెండు వేల నూట నలభై అయింది. 9:50కి తిరుపతి బస్సు దొరికింది. పక్క సీట్లో ఒకావిడ, ఒళ్లో పూలబుట్ట. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి టికెట్టు సున్నా అని వచ్చినా ఆవిడ దాన్ని నాకంటే భద్రంగా మడిచి కొంగున కట్టుకుంది. నా సంచిలోంచి పొడుచుకొచ్చిన వంపు స్కేలును చాలాసేపు చూసింది.

"ఏమన్నా, ఇది కొడవలా?"

"కోటు చంక గీసే స్కేలమ్మా."

"చంకకు గూడా స్కేలా!" అని చంద్రగిరి దాకా నన్ను కొంచెం గౌరవంగా చూసింది.

11:55కి తిరుపతి. బస్టాండు ఎదుటి భోజన హోటల్లో పప్పు బాగుంది, రసం రెండోసారి అడగాలి. వెళ్లదలచినవారు పన్నెండు లోపే కూర్చోండి, తరవాత వరస తలుపు దాటుతుంది.

ఒంటిగంటకు మాస్టరు కొట్టులో ఉన్నాను. ఎనిమిదడుగుల గది, ఒక మిషను, గోడకు ఒకే కత్తెర. నా సంచి దించడానికి చోటు లేక ఒక కుర్చీ బయట పెట్టించారు. పక్క హోటలు గుమ్మంలో నిలబడి వచ్చినవారికి దండం పెట్టే మునస్వామిని పిలిచి, తన మెడలోని పాత గుడ్డటేపుతో కొలిచారు. ఛాతీ నలభై ఒకటి, నడుము నలభై నాలుగు... ఆయన చెప్పారు, నేను రాసుకున్నాను.

గుడ్డ కోసి ఉంచమని చెప్పి ఆయన నమాజుకు వెళ్లారు. వచ్చేలోగా నా చెయ్యి ఊరుకోలేదు. ఆయన టేపు పక్కన నా కొత్త టేపు పరిచాను. ఆయన దాంట్లో నలభై ఉన్నచోట నా దాంట్లో నలభై ఒకటి. టేపు సాగిపోయింది! ముప్పై ఏళ్ల అనుభవానికి నలభైకి అంగుళం తేడా. తూకంలో ఇంత తేడా వస్తే మా ఫ్యాక్టరీలో గేటు మూసేస్తారు. ఆయన పరువు కోసం నోరెత్తకుండా ప్రతి కొలతనూ ఆ లెక్కన పెంచి, ఛాతీ నలభై రెండుకు ముతక గుడ్డ కోశాను. గీతలు మూడు రంగుల్లో గీశాను.

మాస్టరు వచ్చి కచ్చా కుట్లు వేసి, మూడున్నరకు మునస్వామికి తొడిగారు. మెడ వెనక రెండు వేళ్లు దూరే సందు. ముందర పొట్ట మీద గుడ్డ గాలి తిన్న పరదాలా ఊగింది.

మునస్వామి కిందికి చూసుకున్నాడు. "సామీ, ఈడ మా ఆడమనిషి గూడా పడతాది."

"ఎంత కోసినావు?" మాస్టరు అడిగారు.

"నలభై రెండు. మీ టేపు సాగిపోయింది మాస్టరూ, నలభైకి అంగుళం."

"తెలుసు. టేపులో నలభై సూసి, నోటితో నలభై ఒకటి చెప్పినా. ముప్పై ఏండ్లుగా తగ్గేదాన్ని నోట్లోనే కలిపేస్తా ఉండా. ఆ కలిపినదానికి నువ్వు మళ్లా కలిపినావు. ఒక మాట అడిగుంటే ఏం పోయె?"

 సామాన్లు ఒక్కొక్కటీ సంచిలో వేసుకున్నాను. పదకొండో వస్తువు దగ్గర ఆయన గొంతు వినిపించింది.

"యాడికి?"

"కుదరకుంటే రావద్దన్నారు కదా."

"తప్పు అందరూ కోస్తారప్పా, ఒక్కో కొలతలో ఒక్కో తీరు. అన్ని కొలతల్లో ఒకే లెక్కన తప్పు కోసినోడిని ఈ పొద్దే సూసినా. నీకు లెక్క ఉండాది, చెయ్యి లేదు. ఇట్లా పెట్టు."

నా కుడి నడిమి వేలును లోపలికి వంచి, కొసనూ మొదలునూ కలిపి దారంతో కట్టేశారు. సూదిని వేలి కొసతో కాదట, వంచిన వేలి పక్కతో నెట్టాలట. కొత్తవాడి వేలు తనంతట తనే చాచుకుంటుంది కాబట్టి ఈ కట్టు.

"సోమారం దాకా ఇప్పొద్దు. సూదికి దారం ఎక్కించకుండా గుడ్డ మీద కుడతా ఉండు. ముడి ఊడితే మాత్రం నిజంగానే రావద్దు."

"మరి ఈ సామాన్లు?"

"ఒక సూది తీసి పెట్టుకో. మిగతావి సుట్టాలొస్తే సూపించు."

4:40 బస్సులో ఎడమచేత్తో డబ్బు తీస్తుంటే కండక్టరు నా కుడిచెయ్యి చూసి ఆగిపోయాడు.

"ఏమప్పా, పాము కరిసిందా?"

ఆ మాటకు మూడు వరసల జనం లేచారు. ఒకాయన కట్టు ఇంకా పైన కట్టాలన్నాడు. ఒక పెద్దావిడ అసలు కట్టే కూడదని, రక్తం ఆగుతుందని, ముడి మీదకు చెయ్యి చాపింది. కుట్టుపని నేర్చుకుంటున్నానని చెబితే ఎవరూ నమ్మలేదు. విషం తలకెక్కి మాట తప్పుతోందని ఒకడు తేల్చాడు. ఆస్పత్రి దగ్గర బస్సు ఆపుతానని డ్రైవరు ఉదారంగా అరిచాడు.

ఇంత పోరు మధ్య నాకు ఒకటే తోచింది. సామాన్లు కొట్లో దొరుకుతాయి, జాబితాలు ఫోన్లో దొరుకుతాయి. నేర్చుకోవడానికి వెళ్లేవారు ఖాళీ చేతులతో వెళ్లండి, అక్కడ కట్టేది చేతికే. చిత్తూరు వచ్చేదాకా కుడిచేతిని తల కంటే పైకి ఎత్తి పట్టుకున్నాను. వేలు తిమ్మిరెక్కింది. ముడి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.