రింగు లేని పిస్టన్‌కు నేను చేసిన వైద్యం

నిక్షేపంలాంటి ఇంజిన్‌ను ఒక్క మధ్యాహ్నంలో చంపగలిగినవాడు ఉప్పల్ నుంచి నాచారం దాకా వెతికితే ఒక్కడే దొరుకుతాడు. వాడే ఇది రాస్తున్నాడు. తొంభైల నాటి మాట. జాలి పడేవాళ్లు ఆ ఇంజిన్ మీద పడండి, నా మీద వద్దు.

నాచారంలో నాది స్కూటర్లు బాగుచేసే షెడ్డు. అప్పటికి నాకు నలభై దాటాయి, ఒక్క అక్షరం రాదు. ఆ సంగతి నాకు, నా భార్యకు తప్ప మూడో మనిషికి తెలియదు. కాగితం ఎంతసేపు చూస్తే చదివినట్టు ఉంటుందో బస్టాపులో పేపరు చదివేవాళ్లను చూసి నేర్చుకున్నాను. మధ్యలో రెండుసార్లు తల ఊపాలి, చివర్లో ఒకసారి గొంతు సవరించుకోవాలి. అంతే, పండితుడు తయారు!

ఒకరోజు రాజారావు గారు వచ్చారు. ఆయన కోస్తా మనిషి, ప్రభుత్వ కంపెనీలో ఇంజినీరు. పందెం కోడిని పట్టుకున్నట్టు చంకలో మూరెడు లారీ ఒకటి పెట్టుకున్నారు. బలిసిన నాలుగు చక్రాలు, చక్రానికో స్ప్రింగు, నడుమ బొటనవేలంత ఇంజిను. చేతిలో రిమోటు.

"బొమ్మనా సార్?"

"బొమ్మేంటయ్యా! ఆఫీసు ట్రైనింగుకి జపాన్ వెళ్లి తెచ్చుకున్నాను. పెట్రోలు కాదు, స్పిరిట్లో నైట్రో, నూనె కలిపిన మందు తాగుతుంది. నీ స్కూటర్ని దాటిపోతుంది. మొన్న మేడ మెట్ల మీంచి దొర్లినా చెక్కు చెదరలేదు."

"మరేమైంది?"

"స్టార్ట్ చేసే తాడు తెగింది. అదొక్కటే మార్చు. జపాన్ వెళ్లి ఆడుకునే వస్తువు తెచ్చాడని కాలనీ అంతా నవ్వుతున్నారు. ఆదివారం మైదానంలో నడిపి చూపిస్తానని మాటిచ్చాను. నా పరువు నీ చేతిలో ఉంది."

వెళ్తూ ఒక చీటీ ఇచ్చారు. "జాగ్రత్తలు తెలుగులో రాశాను. చదివి మొదలుపెట్టు."

నేను పద్ధతి ప్రకారం చూశాను, రెండుసార్లు తల ఊపాను, గొంతు సవరించుకున్నాను. "అంతా సమజైంది సార్" అని చీటీని చొక్కా జేబులో పెట్టాను.

అరగంటలో తాడు మార్చాను. అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు. ఊరికే ఉండలేక వేలితో ఇంజిన్ తిప్పి చూశాను. పిస్టన్ పైకి వచ్చి గట్టిగా పట్టేసింది.

పక్క టీకొట్టు కిష్టయ్య తొంగిచూశాడు. "ఏమైందే యాదన్నా?"

"జామైందిర. పాపం, సార్‌కు ఎర్కలేదు."

"తాడే గదా మార్చుమన్నది?"

"జలుబని దవాఖానకు వస్తే, గుండెజబ్బు కనబడ్డంక డాక్టరు ఊకుంటడా?"

విప్పాను. కుంకుడుకాయంత పిస్టన్ బయటికొచ్చింది. చుట్టూ తిప్పి చూస్తే రింగు లేదు! స్కూటర్ పిస్టన్‌కు రింగు లేకపోతే అది పిస్టనే కాదు.

"కిష్టా, జపానోడు రింగెయ్యడం మర్చిండుర!"

"మస్తు దూరంకెళ్లి వచ్చింది గదనే. తొవ్వల ఎక్కడ్నో పడ్డట్టుంది."

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. ఆ బండికి శని మెకానిక్ చేతిలో ఉంది. వాల్వులు రుద్దే గరుకు పేస్టు తీసి పిస్టన్‌కు పట్టించి, మూడు టీలు తాగేంతసేపు రుద్దాను. మళ్లీ బిగించి తిప్పితే వెన్నలో వేలు పెట్టినట్టు తిరిగింది. నన్ను నేనే మెచ్చుకున్నాను, ఇంకెవరూ మెచ్చుకునేలా లేరని.

ఆదివారం మైదానంలో కుర్చీలు వేశారు. రాజారావు గారు ఇస్త్రీ చొక్కాలో వచ్చి తాడు లాగారు. బండి 'తుస్' అంది. మళ్లీ లాగారు. మళ్లీ తుస్.

"సార్, ఇది ఎక్కడిదాక పోతది?" అని ఒకాయన.

"నూకితే ఘట్‌కేసర్ దాక పోతది" అని ఇంకొకాయన.

"జర జరుగుండ్రి సార్" అని నేను దిగాను. నలభై సార్లు లాగాను. నా భుజం వేడెక్కింది, ఇంజిన్ వేడెక్కలేదు. రాజారావు గారు అనుమానంగా వేలితో తిప్పి చూశారు.

"యాదగిరీ, ఇంత వదులుగా తిరుగుతోందేం?"

"జామై ఉండె సార్, మంచిగ రుద్ది వదులు జేసిన. రింగు గూడ లేకుండె. ఫికర్ జెయ్యకుండ్రి, నేను దెచ్చి ఏస్తా."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "చీటీ చదవలేదా?"

"చదివిన సార్."

"ఏముంది అందులో?"

జేబులోంచి తీసి చూశాను. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట, చదవలేని నేను దుమ్ము మీద పెట్టాను. "కండ్లల్ల దుమ్ము పడ్డది సార్."

ఆయన భార్య సుభద్రమ్మ గారు బడిలో పంతులమ్మ. చీటీ అందుకుని పైకి చదివారు. "తాడు మాత్రమే మార్చాలి. ఈ పిస్టన్‌కి రింగు ఉండదు. చల్లగా ఉన్నప్పుడు పైన బిగుసుకున్నట్టే ఉంటుంది, వేడెక్కితే సర్దుకుంటుంది. వదులు చేస్తే ఇంజిన్ పోయినట్టే."

ఆవిడ నా ముఖంలోకి ఒక్కసారి చూశారు. ఇరవై ఏళ్లుగా పిల్లల్ని చూస్తున్న కళ్లు, దొరికిపోయాను. రేపటి నుంచి ఎవరూ నా షెడ్డు గడప తొక్కరనుకున్నాను.

ఆవిడ జనం వైపు తిరిగారు. "ఈయన రాత ఎవరికి అర్థమవుతుందండీ? కోడి కెలికినట్టుంటుంది. పెళ్లయి పదేళ్లయ్యాక నాకు అంతుపట్టింది. పాపం యాదగిరి ఏం చేస్తాడు?"

అందరూ గొల్లున నవ్వారు, నన్ను చూసి కాదు, ఆయన్ని చూసి. రాజారావు గారు నోరు తెరిచారు, భార్యను చూశారు, నన్ను చూశారు. "అవునండీ, నా రాత అంతే" అన్నారు. అప్పటికే పోయిన పరువులోంచి ఇంకో ముక్క తుంచి నాకిచ్చారు.

జనం వెళ్లాక ఆవిడ అన్నారు, "రేపు షెడ్డు మూశాక ఇంటికి రా. పలక నేను కొంటాను."

"మరి ఇంజిన్ అమ్మా?"

"దాన్ని ఆయన చూసుకుంటారు. నీ సంగతి నేను చూస్తాను."

ఎనిమిది నెలలు వెళ్లాను. ఒత్తుల దగ్గర నాకు చెమటలు పట్టినట్టు ఏ స్కూటర్ ఇంజిన్ దగ్గరా పట్టలేదు. ఈలోగా ఆఫీసులో ఎవరో జపాన్ వెళ్లొస్తూ కొత్త పిస్టన్, సిలిండర్ తెచ్చారు. బిగించే విధానం ఆయన చెబుతుంటే ఆవిడ నాలుగు పేజీలు తెలుగులో రాసిచ్చారు. చదవడానికి నాకు ఒక పూట పట్టింది, బిగించడానికి గంట.

అదే మైదానంలో ఆ బండి కంకర కుప్ప ఎక్కి ఎగిరింది, పల్టీ కొట్టింది, ప్రహరీని గుద్దుకుని లేచి మళ్లీ ఉరికింది. రాయికీ గోడకూ లొంగని బండి. లొంగింది నా తెలివికొక్కదానికే. రాజారావు గారు చిన్నపిల్లాడిలా వెనక పరిగెత్తారు. నాకు నిజంగానే కళ్లలో ఏదో పడింది.

కనుక ప్రమాణం చేస్తున్నాను. బిగుతుగా ఉన్నదాన్ని వదులు చెయ్యను. తాడు మార్చమంటే తాడే మారుస్తాను. చదవకుండా తల ఊపను. బతికున్నంత కాలం ఇందులో మార్పు లేదు.

ఈ కాగితాలు మొదట చదివింది సుభద్రమ్మ గారే. ఎర్ర పెన్నుతో పదకొండు తప్పులు దిద్దారు. ప్రమాణంలో ఒక్క అక్షరం ముట్టలేదు గానీ పక్కన చిన్నగా రాశారు: "మా మిక్సీ విప్పినరోజు కూడా ఇదే అన్నావు."