బావకి హెల్మెట్ల మోజు పోయిన సంగతి

మా బావ లిఫ్టు మెకానిక్. ఊళ్ళో పాత లిఫ్టుల్లో ఆయన చెయ్యి పడనిది లేదు. పొద్దున్నే పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళి, సాయంత్రానికి చొక్కా నిండా గ్రీజు మరకలతో తిరిగొచ్చేవాడు. మాటలు తక్కువ, కోపం అంతకన్నా తక్కువ. ఇలాంటి మనిషి గురించి చెప్పుకోవడానికి ఏముంటుందిలే అనిపిస్తుంది. కానీ ఆయనకొక పిచ్చి ఉండేది. పాత యుద్ధాల్లో సైనికులు పెట్టుకున్న హెల్మెట్లు పోగు చేసేవాడు. తోటి మెకానిక్కులు ఆయన్ని ‘ఇనపటోపీ’ అనేవారు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆయనా చక్కగా పలికేవాడు.

అది మొదలైన రోజున నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. అక్కకి పెళ్ళయి ఏడాది తిరగలేదు. ఏదో పాత గోదాములో, ఎన్నాళ్ళ నుంచో మూలపడ్డ లిఫ్టుని బాగుచెయ్యమంటే బావ వెళ్ళాడు. లిఫ్టు గుంతలో పేరుకున్న బురద ఎత్తిపోస్తుంటే పారకి ఏదో తగిలింది. గిన్నె అనుకున్నాడట. పేపర్లో చుట్టి ఇంటికి తెచ్చి, పెరట్లో కిరసనాయిల్లో నానబెట్టి, వైరు బ్రష్షుతో తోమితే ముదురాకుపచ్చ రంగు బయటపడింది. లోపల తోలుపట్టీ ఎండి చెక్కలా బిగుసుకుపోయి ఉంది.

అక్క గుమ్మంలోనే ఆపేసింది. “ఏ చచ్చినవాడి నెత్తి మీదదో ఏమో, లోపలికి తేకండి” అంది.

బావకి వినపడినట్టు లేదు. అద్దం ముందుకెళ్ళి దాన్ని పెట్టుకున్నాడు. చెవుల దాకా దిగిపోయింది. నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వకుండా, అద్దంలో ఎవరో కొత్తమనిషిని చూస్తున్నట్టు చాలాసేపు నిలబడిపోయాడు.

ఇక చూడండి. ప్రతి ఆదివారం పాత సామాన్ల బజారే. తోడుగా నన్నూ లాక్కెళ్ళేవాడు. మొదట్లో ఆయన్ని బాగానే ఆడుకున్నారు. సినిమా షూటింగుకని రేకుతో చేసినదాన్ని యుద్ధం నాటిదని అంటగట్టారు. “టోపీ కొనడానికి వెళ్ళి టోపీ పెట్టించుకొచ్చారు” అని అక్క కనపడిన వాళ్ళందరికీ చెప్పి నవ్వింది. తర్వాత్తర్వాత బావకి పట్టు దొరికింది. వేలి కణుపుతో ఒక్కటి కొట్టి, మోత విని అసలుదో కాదో చెప్పేసేవాడు. రంగు మీద రంగు వేస్తే గోటితో గీకి పట్టుకునేవాడు. ముందుగది గోడ నిండా అరలు కొట్టించాడు. ఇంటికొచ్చిన వాళ్ళు హెల్మెట్ల కింద కూచుని, మధ్యమధ్య పైకి చూసుకుంటూ కాఫీ తాగాల్సిందే.

“ఇంట్లో ఉన్నవి రెండు తలకాయలు. ఇన్ని టోపీలు ఎవరికండీ?” అని అక్క సాధించేది. బావ తల ఊపి, వచ్చేవారం ఇంకోటి తెచ్చేవాడు.

అన్నిట్లోకీ ఆయనకి ప్రాణమైనది ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, రెండు పక్కలా బొడిపెల్లాంటి పొట్టి కొమ్ములు ఉంటాయి. ఆ కొమ్ములకి, నుదుటికి అడ్డంగా, మందపాటి ఇనప పలక తగిలించేవారట. పలక మోయలేక సైనికులు తీసేసేవారని, అందుకే అది దొరకడం కష్టమని బావ చెప్పేవాడు. హెల్మెట్ దొరికింది, పలక లేదు. ఏళ్ళ తరబడి దానికోసం కళ్ళు కాయలు కాచేలా చూశాడు. ఏ ఊరు వెళ్ళినా, ఏ పాత కొట్టు కనపడినా లోపలికి దూరేవాడు. మా నాన్న ఆపరేషను రోజున కూడా ఆస్పత్రి ఎదురుగా ఉన్న తుక్కుసామాను కొట్టులో తేలాడు.

చివరికి పాత సామాన్ల బజారులో బావ ఎప్పుడూ కొనే కొట్టు షావుకారు కబురు పంపాడు. పలక వచ్చింది, వెంటనే రమ్మని. ఇద్దరం వెళ్ళాం. షావుకారు ముఖం వెలిగిపోతోంది.

“రండి గురువుగారూ! ఇన్నేళ్ళూ నన్ను పీక్కుతిన్నారు కదా, ఇదిగో, చూసుకోండి” అంటూ గోనె విప్పాడు.

బావ పలకని రెండు చేతులా ఎత్తాడు. అంచు మీద బొటనవేలు పోనిచ్చాడు. కొమ్ములకి తగిలించే చోట అరుగుదల చూశాడు. కణుపుతో కొట్టి విన్నాడు.

“అసలుదే. అనుమానం లేదు” అన్నాడు.

అని, మెల్లగా గోనె మీద పెట్టేసి, జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నాడు.

“ఏంటి బావా, తీసుకోవా?” అన్నాను.

“అదేరా... తీసుకోవాలని అనిపించడం లేదు.”

“రేటు గురించా?”

“ఇంకా అడగనే లేదుగా.”

షావుకారు ఇదేదో కొత్తరకం బేరం అనుకున్నాడు. అడక్కుండానే ఒక రేటు చెప్పి, తనే తగ్గించి, మళ్ళీ తగ్గించాడు. బావ నొచ్చుకున్నాడు. “మీ తప్పేం లేదండీ, సరుకు బంగారం. నాకే ఏదోలా ఉంది” అని దణ్ణం పెట్టి బయటికొచ్చేశాడు.

బస్సులో అరచేతులు చూసుకుంటూ కూచున్నాడు. కాసేపటికి, “ఆకలి మీదున్నప్పుడు అన్నం చూస్తే నోరూరుతుంది చూడు, ఇన్నాళ్ళూ అలా ఉండేది. ఇవాళ చూస్తే ఇనప ముక్కలా ఉందిరా” అన్నాడు.

“ఇనప ముక్కే కదా బావా.”

“అదే కదా” అన్నాడు, అప్పుడే తెలిసినట్టు.

ఇంటికెళ్ళాక అరల ముందు నిలబడి ఒక్కొక్కటీ తీసి చూడటం మొదలుపెట్టాడు. కొట్టి వింటాడు, పెట్టేస్తాడు, ఇంకోటి తీస్తాడు. అక్క వంటింట్లోంచి వచ్చి, “ఏం పోయింది, ఏం వెతుకుతున్నారు?” అంది. “ఏమో” అన్నాడు. అక్క నావైపు తిరిగి, “ఏం చేశావురా ఆయన్ని?” అని నా మీద పడింది. పిచ్చి పట్టినవాళ్ళని చూశాను గానీ, ఉన్న పిచ్చి ఉన్నపళంగా వదిలిపోయి అల్లాడే మనిషిని చూడటం అదే మొదలు.

వారమైనా అదే తీరు. అక్క బలవంతం మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, ఎక్కడైనా నొప్పా అని డాక్టరు అన్నీ అడిగాడు. అన్నీ బానే ఉన్నాయన్నాడు బావ.

“మరి సమస్యేంటండీ?”

“హెల్మెట్లు చూస్తే ఏమీ అనిపించడం లేదండీ.”

“నాకూ అనిపించదు” అన్నాడు డాక్టరు.

ఆయన వెటకారానికి అనలేదు, పాపం. బావ కూడా అది నిజమే అన్నట్టు తలూపాడు. బలానికి మాత్రలు రాయించుకుని వచ్చేశాం.

ఒకరోజు భోజనం దగ్గర బావ, “వీటన్నిటినీ ఎవరికైనా ఇచ్చేద్దాం. నువ్వన్నది నిజమే, ఇంట్లో చోటు దండగ” అన్నాడు. అక్క సంబరపడుతుందనుకున్నాను. వడ్డించే గరిటె గిన్నెలో పెట్టేసింది.

“ఎవర్ని అడిగి ఇస్తారు?”

“నువ్వే కదా ఇన్నాళ్ళూ...”

“అన్నాను, అంటాను. అయితే మాత్రం? వారం వారం దులిపేదెవరు? పళ్ళేనికి సొట్ట ఎటు పక్క ఉందో చెప్పండి చూద్దాం. దువ్వెనకి ఊడిన మేకు ఎన్నోదో చెప్పండి.”

బావ, నేను మొహాలు చూసుకున్నాం. అక్క వాటికి పేర్లు పెట్టుకుంది! వెడల్పాటిది పళ్ళెం, నడినెత్తిన గట్టులాంటిది ఉన్నది దువ్వెన, ఇంకోటి తాబేలు. ఆ పేర్లు మాకిద్దరికీ తెలియవు. అక్కకి కళ్ళనీళ్ళొచ్చాయి. ఎందుకొచ్చాయో ఆవిడకే అంతుపట్టలేదనుకుంటాను. “ఛ, కారం ఘాటు” అని లేచిపోయింది. ఆ రోజు కూరలో కారమే లేదు.

తర్వాతి వారం షావుకారు పలకని తనే ఇంటికి మోసుకొచ్చాడు. ఇన్నేళ్ళ బేరగాడు ఉత్త చేతులతో వెళ్ళడం ఆయనకి మింగుడుపడలేదట. బావ వద్దనబోతుంటే అక్క అడ్డొచ్చింది. కూచోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆయన చెమటలు కక్కేలా బేరమాడి పలక కొనేసింది. షావుకారు గుమ్మం దిగుతూ నాతో, “ఈవిడ ఇన్నాళ్ళూ బజారుకి రాకపోవడం నా అదృష్టం” అన్నాడు.

“ఎందుకు కొన్నావు?” అని బావ అడిగాడు.

“ఏమో. మీరు అంత వెతికారు కదా” అంది అక్క. ఆ మాట తనకే సరిపోనట్టుంది. మళ్ళీ “ఏమోనండీ” అంది.

ఇద్దరూ కలిసి పలకని కొమ్ములకి తగిలించారు. అమరిపోయింది. అక్క కాసేపు చూసి, “ఇంతేనా?” అంది. “ఇంతే” అన్నాడు బావ. ఇద్దరూ దాన్ని పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తోచనట్టు, గది మధ్యలో అలాగే నిలబడ్డారు. చివరికి టీవీ పక్కన పెట్టారు.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. హెల్మెట్లన్నీ అక్కడే ఉన్నాయి. బావకి ఆరోగ్యం బానే ఉంది, లిఫ్టులు బానే పనిచేస్తున్నాయి. ఆదివారాలే ఆయనకి గడవవు. మా ఇంటికొచ్చి పేపరు ఈ చివర నుంచి ఆ చివరి దాకా చదివి వెళ్తాడు. మొన్న ఉండబట్టలేక అడిగేశాను, అసలు ఏమైంది బావా అని.

“నాకూ తెలీదురా. దొంగలెవరన్నా ఎత్తుకుపోయుంటే పోలీసుల దగ్గరికి వెళ్ళేవాణ్ణి. వస్తువులన్నీ ఇంట్లోనే ఉన్నాయి. ఏం పోయిందని చెప్పను?” అన్నాడు.

అంతలో ఏదో ఆస్పత్రిలో లిఫ్టు మధ్యలో ఆగిందని ఫోనొచ్చింది. చెప్పులు వేసుకుని హుషారుగానే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేను వాళ్ళింటికెళ్తే, అక్క స్టూలెక్కి పై అర దులుపుతోంది. నన్ను చూసి స్టూలు పట్టుకోమంది. “ఏమే అక్కా, నీకివంటే ఇష్టమా?” అన్నాను.

“చాల్లే, నాకెందుకిష్టం” అంది. తాబేలు మీద నోటితో ఆవిరి ఊది, గుడ్డతో గట్టిగా రుద్దుతూ, “కాస్త అటు జరుగు, వెలుతురుకి అడ్డొస్తున్నావు” అంది.