వరుసలో చివరి మనిషి

పాడేరు బస్టాండులో అరకు బస్సు కోసం ఎదురుచూస్తూ, భూటాన్ గురించిన బొమ్మల పుస్తకం తిరగేస్తున్నాను. పక్కన కూర్చున్న కొండ ఊరి ఆడమనిషి ఒక బొమ్మ మీద వేలు పెట్టింది. అందులో మంచు కొండ ముందు ఆడవాళ్లు వరుసగా నిలబడి నాట్యం చేస్తున్నారు.

"ఈలు ఎవులు బాబూ?"

"దూర దేశం వాళ్లు. వాళ్ల ఆటలు, అడవులు చూడ్డానికి వచ్చే నెల వెళ్తున్నాను."

"మమ్మల్నీ సూడ్డానికొత్తారు. టూరిస్టులకి దింసా ఆడ్డానికే ఎల్తన్నాను."

"మీ ఆట చూస్తే ఎంత సంతోషంగా ఉంటుందో" అన్నాను.

ఆమె ఒళ్లోని ఆట చీర మూటను సర్దుకుంది.

"నా కూతురు, సిన్న గుంట, జొరమొచ్చి సచ్చిపోయి నాలుగు రోజులయింది. మైల తీరేదాకా మా ఊళ్లో ఎవులూ ఆడరు. కానీ నడుం ఎనకాల సేతులు కలిపి ఆడాల కదా, ఒక మనిషి తగ్గితే వరస బాగోదంట. రాకపోతే ఆట పెట్టించేవోల్లు మరి పిలవరంట."

మళ్లీ బొమ్మకేసి చూసి, వరుస చివర నవ్వుతున్న మనిషిని చూపించింది.

"ఈయమ్మ ఇంట్లో ఏటయిందో."

భూటాన్ వెళ్లాను. నాట్యం మొదలవగానే అందరూ కెమెరాలు ఎత్తారు. నేను నా కెమెరా ఒళ్లో పెట్టుకుని, ఆడుతున్నవాళ్ల పాదాలే చూస్తూ కూర్చున్నాను. ఆట అయ్యేదాకా తల పైకెత్తలేదు.